తల కడిగే చేయి

హైదరాబాద్‌లో జుట్టు మార్పిడి క్లినిక్‌లు ఎలా నడుస్తున్నాయో ఒకటి చూసి రాయమని సంపాదకులు పంపారు. ఆపరేషన్ గది, మైక్రోస్కోపులు, గోడల మీద ‘ముందు-తర్వాత’ ఫొటోలు, అన్నీ ఓపిగ్గా చూపించారు. ఊళ్లో ప్రతి హోర్డింగు చెబుతున్నదే కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. నిలబడి చూడవలసింది వెనక ఉన్న చిన్న గది. అందులో ఒక వాలు కుర్చీ, సింకు, మగ్గు, పసిపిల్లల షాంపూ సీసా ఉన్నాయి. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు వచ్చేవాళ్లకు అక్కడ మొదటిసారి తల కడుగుతారు. కడిగే అమ్మాయి టెక్నీషియన్. షాంపూని నేరుగా తల మీద పోయదు. అరచేతిలో నీళ్లతో కలిపి నురగ చేసి, వెంట్రుకలు నాటిన చోట అద్దుతుంది. ఎక్కడా రుద్దదు. కాసేపు నాననిచ్చి, మగ్గును తలకు దాదాపు ఆనించి పట్టుకుని గోరువెచ్చని నీళ్లు సన్నగా జారవిడుస్తుంది. గోరు తగలనివ్వదు. వెంట్రుకలు తీసిన వెనక తలను మాత్రం కాస్త ధైర్యంగా కడుగుతుంది. చివర్లో మెత్తని గుడ్డతో అద్దడమే తప్ప తుడవడం లేదు. “ఇంట్లో ఎవరు కడుగుతారు అన్నా?” అని అడిగింది. “మా అమ్మ” అన్నాడు కుర్చీలో ఉన్నతను. బయట కూర్చున్న తల్లిని లోపలికి పిలిపించింది. ఆమె ముంజేతి మీద తన వేళ్లు ఆనించి, “ఇగో అమ్మా, ఇంత బరువే. ఇంతకన్నా ఒత్తొద్దు” అంది. ఆ తల్లి తన చేతి మీద తానే రెండు మూడుసార్లు ఒత్తి చూసుకుంది.

ఈ వ్యాపారంలో అన్నిటికన్నా చవగ్గా చూస్తున్న పని ఇదే. నా అభిప్రాయంలో అన్నిటికన్నా తప్పుగా చూస్తున్నది కూడా ఇదే. ధర గ్రాఫ్టుల (నాటే వెంట్రుక కుదుళ్ల) లెక్కన చెబుతారు, ప్రకటన డాక్టరు పేరున ఇస్తారు. రెండు మూడు వేల గ్రాఫ్టులు నాటారంటే నెత్తి మీద అన్ని వేల సన్నటి గాట్లు పడ్డాయని అర్థం. తీసిన చోట ఇంకో అన్ని వేలు. మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఆ గాట్లలో వెంట్రుక కుదురు మొదట పట్టీపట్టనట్టు కూర్చుని ఉంటుంది. అమెరికా వైద్యులు బెర్న్‌స్టీన్, రాస్‌మన్ 2006లో ఈ సంగతినే పరీక్షించి ప్రచురించారు. మొదటి రెండు రోజుల్లో వెంట్రుకను లాగితే గ్రాఫ్టు ఊడి వచ్చింది. అంటుకున్న పక్కును పీకితే అయిదో రోజు దాకా గ్రాఫ్టు కూడా పోయింది. తర్వాత ఆ ప్రమాదం తగ్గుతూ వచ్చి, తొమ్మిదో రోజుకు లేకుండా పోయింది. సర్జన్ నైపుణ్యమే ప్రధానం, కాదనను. కానీ సర్జన్ పని ఒక్క రోజులో అయిపోతుంది. ఆ తర్వాత వారం పది రోజులు ఆ తల ఎవరి చేతుల్లో ఉంటుందో వాళ్లకు చాలాచోట్ల ఎవరూ ఏమీ నేర్పడం లేదు.

జాగ్రత్తలు రాసిన కాగితం ఇస్తున్నాం కదా, ఫోన్‌కు వీడియో పంపుతున్నాం కదా, వచ్చేవాళ్లంతా చదువుకున్నవాళ్లే కదా అని క్లినిక్‌లవాళ్లు అంటారు. ఇక్కడి మేనేజరూ అదే అన్నారు. వీడియో ఉండగా ఈ గది ఎందుకు, తీసేసి ఇంకో ఆపరేషన్ కుర్చీ వేసుకోవచ్చన్న ఆలోచన కూడా ఉందట. నాకు ఒళ్లు మండింది. ఎంత ఒత్తాలో కాగితం చెప్పలేదు. ‘మృదువుగా’ అన్న మాట ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బరువు. పైగా ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవగలిగిన కొడుకు తన నడినెత్తి తాను చూసుకోలేడు. చూడగలిగిన తల్లికి ఆ ఇంగ్లీషు రాదు. ‘నూనె వాడరాదు’ అని ఉంది గానీ, ఎందుకో, ఎన్నాళ్లో లేదు. కొబ్బరినూనె పట్టించి, కుంకుడు రసంతో గట్టిగా రుద్ది తలంటు పోయడం ప్రేమగా తెలిసిన ఇల్లు మనది. ఆ చేతికి ‘వద్దు’ అని మాత్రమే చెబితే చాలదు. పక్కులు పూర్తిగా రాలి, చర్మం మానేదాకా రుద్దుడు వద్దు, ఆ తర్వాత డాక్టరు సరే అన్నాక మళ్లీ నీ పద్ధతి నీదే అని గడువుతో సహా చెప్పాలి. తల్లుల అలవాటును మూఢత్వం కింద కొట్టిపారేసే క్లినిక్, ఇంట్లో తనకు దొరికే ఒకే ఒక్క నర్సును పోగొట్టుకుంటోంది.

సరైన మాట అందకపోతే నష్టం మోటుతనంతోనే రాదు, భయంతోనూ వస్తుంది. వేరేచోట ఆపరేషన్ చేయించుకుని ఇక్కడికి వచ్చిన ఒకాయన కౌంటరు దగ్గర చెబుతున్నది వినిపించింది: “డబ్బు కట్టేదాకా రోజూ వాళ్లే ఫోన్ చేసిన్రు మేడమ్. అయినంక నేను చేస్తే ఎత్తుతలేరు. ఏమన్న ఊడిపోతదేమోనని రెండు వారాలు తల తడపనే లేదు.” తడపని తల మీద పక్కులు దళసరిగా కట్టాయి, మధ్యమధ్య చీము పొక్కులు లేచాయి. కడగకపోవడం జాగ్రత్త అనుకున్నాడాయన. నిజానికి పక్కులను రోజూ నానబెట్టి, వాటంతట అవి రాలేలా చేయడమే జాగ్రత్త. నుదురు, కళ్ల చుట్టూ వచ్చే వాపు కొద్ది రోజుల్లో దిగుతుందని, తల ఎత్తులో పెట్టి వెల్లకిలా పడుకోవాలని ముందే చెబితే ఆ రాత్రులు గాబరా లేకుండా గడుస్తాయి. హెల్మెట్ కొన్నాళ్లు పెట్టుకోవద్దంటే, హెల్మెట్ లేకుండా బండి నడపమని కాదు, అసలు బండే నడపొద్దని అర్థం. ఈ ఊళ్లో ఆ మాట విడమర్చి చెప్పాల్సిందే. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో చాలావరకు రాలిపోతాయి, కుదుళ్లు లోపలే ఉంటాయి, కొత్త మొలకలు మూడు నాలుగు నెలలకు గానీ కనిపించవు, అసలు ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది. ఈ మాట సరిగ్గా చెప్పేవాళ్లు లేకనే ఆ మధ్యకాలంలో జనం కంగారుపడి కనిపించిన సీరమ్‌లన్నీ కొంటున్నారు.

సోకు కోసం చేయించుకున్నదానికి ఇంత ఆరాటమా అనేవాళ్లూ ఉన్నారు. కోరిక ఏదైనా గాయం గాయమే. చీముకు సోకూ రోగమూ అన్న తేడా లేదు. పైగా బట్టతల వల్ల పెళ్లిచూపుల్లో, ఆఫీసుల్లో మాటలు పడ్డవాళ్ల బాధను తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ చికిత్సల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని స్పష్టంగా చెప్పింది. మంచిదే. కానీ మన చర్చంతా కత్తి ఎవరు పట్టాలన్న దగ్గరే ఆగిపోయింది, మగ్గు ఎవరు పట్టాలన్నది ఎవరూ అడగలేదు. తల కడిగే ఆ టెక్నీషియన్ అమ్మాయి ఈ పని ఒక సీనియర్ అక్క పక్కన నిలబడి నేర్చుకుంది. దీనికి పాఠం లేదు, పరీక్ష లేదు, జీతంలో లెక్క లేదు. ఆ గది మూతపడితే ఆమెను ఆపరేషన్ గదిలోకి పంపుతారు, చేతిలో ఉన్నది చేతిలోనే ఆగిపోతుంది. ఖర్చు అడ్డమనడం కుదరదు. అంత పెద్ద బిల్లులో ఒక మనిషి అరగంట సమయం, ఇంట్లో కడిగేవాళ్లకు ఒక పాఠం, తెలుగులో ఒక కాగితం ఎంతని?

కాబట్టి జుట్టు మార్పిడి చేయించుకోదలిచినవాళ్లు ఎన్ని గ్రాఫ్టులు, ఎంత రేటు అని అడిగే ముందు వేరే ప్రశ్నలు అడగండి. మొదటిసారి తల ఎవరు కడుగుతారు? మా అమ్మకో, నా భార్యకో దగ్గరుండి చూపిస్తారా? అయిదో రోజు రాత్రి చీమో రక్తమో కనిపిస్తే ఫోన్ ఎత్తేది ఎవరు, ఆ మనిషి పేరేమిటి? వీటికి సూటిగా జవాబు రాని చోట అడ్వాన్సు కట్టకండి.