నల్లడి కడుపులోని చెరువు

పిల్లలూ! మాది పుట్టపర్తి దగ్గర, చిత్రావతి ఒడ్డున ఒక పల్లె. నా చిన్నతనంలో మా గొర్రెల మందకు నల్లడనే కుక్క కావలి ఉండేవాడు. ఒకనాడు వేరుశనగ చేలో అడవిపంది వాడి తొడ చీల్చింది. నెత్తురు ధారగా కారింది. అయినా నల్లడు తోక ఊపుకుంటూ ఇంటిదాకా నడిచి వచ్చాడు. "వీడికేమీ కాలేదు!" అని నేను సంతోషించాను.

పశువుల డాక్టరుగారు మాత్రం సంతోషించలేదు. వాడి పెదవి ఎత్తి, చిగురును వేలితో నొక్కి వదిలారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నొక్కినచోట రెండు సెకండ్లలోపల మళ్లీ రంగు రావాలి. నల్లడి చిగురు తెల్లగా పాలిపోయి ఉంది. రంగు ఎంతకూ రాలేదు.

"ఏమబ్బీ, బుక్కపట్నం చెరువు మనకెందుకు?" అని అడిగారాయన.

"వానలు లేనప్పుడు తూము ఎత్తి నీళ్లు వదలడానికండీ."

"వీడి కడుపులోనూ అట్లాంటి చెరువే ఉంది. దానిపేరు ప్లీహం."

ఇరవై కిలోల కుక్కకు ఒంట్లో సుమారు 1.7 లీటర్ల నెత్తురుంటుంది. ఎర్రకణాలు దట్టంగా ఉన్న నెత్తురు కొంత ప్లీహంలో నిలవ ఉంటుంది. కుక్క పరుగెత్తినా, బెదిరినా, గాయపడినా ప్లీహం ముడుచుకొని ఆ నిలవను రక్తనాళాల్లోకి వదులుతుంది. 1920ల్లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి పరిశీలించి చూశాడు. మన ప్లీహంలో ఇంత నిలవ ఉండదు.

నీళ్లు తగ్గితే మీ నాన్నగారు ఏం చేస్తారు? దూరపు మళ్లకు మడవ కట్టేసి, ముఖ్యమైన పైరుకే పారిస్తారు గదా! ఒళ్లూ అంతే. చర్మానికీ, చిగుళ్లకూ, పేగులకూ పోయే సన్నని నాళాలు బిగుసుకుంటాయి. అందువల్ల కొత్తగా ఒక్క చుక్క నెత్తురు కూడా పుట్టదు. కాని ఉన్నది గుండెకూ మెదడుకూ అందుతుంది. చిగుళ్లు పాలిపోయేది అందుకే.

ఐతే చెరువు ఒట్టిపోతే? అప్పటిదాకా నిలబడ్డ కుక్క హఠాత్తుగా కూలిపోతుంది. అప్పుడే నెత్తురు పరీక్షించినా ఎర్రకణాలు సరిగానే ఉన్నట్టు కనపడవచ్చు. చెరువు నుంచి వచ్చిన చిక్కని నెత్తురు మనని మోసగిస్తుందన్న మాట.

డాక్టరుగారు గాయం కుట్టి, సెలైన్ ఎక్కించారు. నల్లడు బతికి, మరి ఐదేళ్లు మంద కాశాడు.

పిల్లలూ, గాయపడ్డ కుక్క నడుస్తున్నది గదా అని ఊరుకోకండి. నొప్పికి కరవవచ్చు గనక వెంటనే పెద్దలను పిలవండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టి డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మనండి. చెరువులో నీళ్లున్నప్పుడే గండి పూడ్చాలి!