దాపటెద్దు ఉలవలు వదిలిన పొద్దు

మా తమ్ముడు ఫోన్ ఎత్తలేదంటే ఎద్దుల దగ్గర ఉన్నాడని అర్థం. దసరా దాటిందంటే ఇక వాడికి చేయడం మానేసి మరదలికే చేస్తాను. ఆమె ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతుంటే, వెనకాల ఉలవలు కుతకుత ఉడుకుతున్న చప్పుడు నాకు ఆదోనిదాకా వినిపిస్తుంది.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు అవతల ఒక పల్లె. జనవరిలో పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి రథోత్సవం జరుగుతుంది. తేరుతో పాటు పశువుల సంత, బండలాగుడు పోటీలు. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎద్దుల జతకు కాడి కట్టి, గొలుసుతో పెద్ద రాతిబండ తగిలిస్తారు. గడువు లోపల ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. పళ్ళను బట్టి వయసు లెక్క. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి అని వేరువేరు విభాగాలు.

మా నాయన పోయిన రెండేళ్ళకు తమ్ముడు నాలుగు పళ్ళ ఒంగోలు జతను తెచ్చాడు. పత్తి అమ్మిన డబ్బు చాలక మరదలి గొలుసు బ్యాంకులో పెట్టాడు. ఆమె నాతో ఒక్క మాట అనలేదు. అప్పుడే నాకు భయమేసింది. అనే మనిషి అనకుండా ఉందంటే లోపల చాలా ఉందన్నమాట.

తయారీ మూడు నెలలు. మబ్బులోనే లేచి ఎద్దులను నడిపించాలి. మొదట వట్టి నడక, తర్వాత మట్టిదారిలో చిన్న బండ, రెండు వారాలకోసారి బరువు కొంచెం కొంచెంగా పెంచడం. వారంలో రెండు రోజులు చెరువులో ఈత. కాళ్ళకు లాడాలు, కాడి ఒరుసుకున్న చోట మెడకు ఆముదం. కండ కొన్ని వారాల్లో వస్తుంది, కీళ్ళూ నరాలూ గట్టిపడటానికి నెలలు పడుతుంది, అందుకే తొందర కూడదని మా నాయన అనేవాడు. మేత సంగతి మరదలిది. రాత్రి నానబెట్టిన ఉలవలు తెల్లవారుజామున ఉడకబెట్టడం, పత్తిగింజలు రుబ్బడం, తవుడు కలపడం. ఉలవలు వార్చిన నీళ్ళు మాత్రం ఇంట్లోకి వస్తాయి. ఆ మూడు నెలలూ వాళ్ళింట్లో ఉలవచారే. పిల్లలు మొహం మొత్తి, "అమ్మా, మనం గూడా బండ లాగాలనా?" అని అడిగేవాళ్ళు.

ఇవన్నీ ఎద్దుల తయారీ. తోలేవాడి తయారీ ఎవరికీ గుర్తు రాదు. బండ కదిలినంతసేపూ ఎద్దుల పక్కన పరుగెత్తాల్సింది వాడే కదా. మా తమ్ముడికి నలభై దాటింది, పొట్ట వచ్చింది. ఒకరోజు మరదలు ఫోన్‌లో అంది: "వదినా, నాలుగు అడుగులకే మీ తమ్మునికి ఆయాసమొస్తాంది. ఆయాసమొస్తే అరుస్తాడు, అరిస్తే చర్నాకోల లేస్తుంది. ఎద్దులు బండకు కాదు, ఈయనకు బెదురుతాండాయి."

ఆ మాట వాడితో చెప్పలేక మా అమ్మాయితో చెప్పించాను. అది పశువైద్యం చదువుతోంది. మామకు నేరుగా చెప్పకుండా గుర్రాల కథ ఎత్తుకుంది. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి టెవిస్ కప్ అని గుర్రపుస్వారీ పోటీ ఉందట. ఒక్క రోజులో 100 మైళ్ళు. అంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరికి అయిదుసార్లు పోయినంత దూరం, అదీ కొండదారిలో. దారిలో అక్కడక్కడా పశువైద్యులు గుర్రాన్ని ఆపి గుండె కొట్టుకోవడం లెక్కపెడతారు. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి సుమారు 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. ఇలాంటి దూరపు స్వారీల్లో ఆపిన కాసేపటికి అది సాధారణంగా 64కు దిగాలి. దిగకపోతే, కుంటితే, ఎంత ముందున్నా పోటీ నుంచి తీసేస్తారు. మెడ మీద చర్మం పట్టి లాగి వదులుతారు, వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు. మొదట వచ్చిన పదింటిలో బాగా తేరుకుని ఉన్న గుర్రానికి హగ్గిన్ కప్ అని వేరే బహుమతి కూడా ఉందట.

"ఇంకోటి మామా," అంది అమ్మాయి. "అక్కడ స్వారీ చేసేవాళ్ళు ముందు తాము నడక, పరుగు నేర్చుకుంటారు. మనిషి అలిసిపోయి ఒక పక్కకు వాలితే ఆ బరువు గుర్రం వీపు మీద పడి పుండవుతుంది. దిగుడు దారుల్లో చాలామంది దిగి పక్కన నడుస్తారు."

వాడు నవ్వి ఊరుకున్నాడు. కానీ మర్నాటినుంచి ఎద్దులను బండిలో కూర్చుని తోలకుండా, పక్కన నడవడం మొదలుపెట్టాడని మరదలు చెప్పింది. నెల తిరిగేసరికి అరుపులు తగ్గాయట. ఆ జత వాడి గొంతుకు కాక వాడి అడుగుకు కదలడం నేర్చుకుంది.

అంతా బాగుంది కదా అనుకునే సమయానికి చివరి వారం వచ్చింది. ఊళ్ళో తలా ఒక సలహా. ఒకరు గుడ్లు పెంచమన్నారు, ఒకరు జొన్నపిండి కలపమన్నారు. తమ్ముడు ఉలవలు దాదాపు రెట్టింపు చేశాడు. మరదలు వద్దంది. "నీకేం తెలుసు?" అన్నాడట. మూడు నెలలుగా ఆ తపేలా ముందు కూర్చున్న మనిషిని!

పండుగకని నేనూ అమ్మాయీ వెళ్ళాం. పోటీ రోజు పొద్దున ఇంకా తెల్లారలేదు. మరదలు గంప పట్టుకుని లోపలికి వచ్చింది. "వదినా, దాపటిది ఉలవలు వదిలేసింది."

తమ్ముడు బండిని చూసి బెదిరిందన్నాడు. అమ్మాయి పోయి ఎద్దు వెనక, కొంచెం పక్కగా నిలబడి డొక్క కదలడం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. మామూలుగా నిమిషానికి 20, 30 ఉండాల్సింది 50 దాటింది, ఆ చలిలో. ఎడమ డొక్క మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది. "కడుపు కదలడం లేదు మామా. గింజ ఒక్కసారిగా పెరిగితే లోపల పులిసిపోతుంది. ఈరోజు లాగిస్తే పడిపోవచ్చు."

వాకిట్లో అప్పటికే పదిమంది ఉన్నారు, ట్రాక్టరు ఉంది, ఎద్దుల కొమ్ములకు రంగు ఆరుతోంది. వాడు అరుగు మీద కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. బ్యాంకులో గొలుసు, ఊరి నోరు, నాయన పేరు, ఏవేవి తిరిగాయో వాడి బుర్రలో. చివరికి ఎవరి మాటకూ కాదు, మరదలి చేతిలోని గంప వైపు చూశాడు. సగం నిండుగా ఉన్న గంప. ఫోన్ తీసి, "అన్నా, మా జత రాదు, పేరు కొట్టేయండి" అన్నాడు.

మధ్యాహ్నానికి ఎద్దు పూర్తిగా డీలా పడింది. పశువుల డాక్టరు వచ్చి అమ్మాయి చెప్పినదే చెప్పాడు. తేరుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఊళ్ళో కొందరు "భయపడి దిగలేదు" అన్నారు, ఇంకా అంటూనే ఉంటారు. ఆ రాత్రి తమ్ముడు మరదలితో క్షమించమని అనలేదు, మా ఇళ్ళలో మగవాళ్ళకు ఆ మాట రాదు. మర్నాడు మబ్బులో లేచి పొయ్యి మాత్రం వాడే రాజేశాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. దాణా పెట్టే చేతికి తెలిసినంత పగ్గం పట్టిన చేతికి తెలియదని కూడా ఒక సామెత ఉంటే బాగుండేది. పిల్లవాడు పళ్ళెంలో అన్నం వదిలితే మనకే కదా మొదట తెలిసేది. చెప్తే, "నీకేం తెలుసు?" అని వినేదీ మనమే.

గొలుసు ఆ వేసవిలో విడిపించారు. మరుసటి ఏడాది ఆరు పళ్ళ విభాగంలో దిగారు. చివరి వారంలో మేత పెంచలేదు, పని తగ్గించారు. బహుమతి రాలేదు. నేను జాతరలోంచి ఫోన్ చేసి చెప్పబోతుంటే మరదలు మధ్యలోనే అడ్డుకుంది. ఎన్ని అడుగులు లాగాయో అడగలేదు.

"దాపటిది నీళ్ళు తాగిందా వదినా?"

తాగింది, బకెట్టు ఖాళీ చేసింది అన్నాను. "అయితే సరే, ఉలవలు నానేస్తా" అని ఫోన్ పెట్టేసింది.