పసిబిడ్డలతో ఆకాశయానము

తల్లి ఒడిని మించిన చోటు బిడ్డకు లేదని పెద్దలు చెప్పుదురు. నేలమీది బ్రదుకులో ఆ మాటకు తిరుగులేదు. గంటకు ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్ల వేగమున పోవు విమానములో అది యెంతవరకు నిలుచునో విచారింపవలసిన కాలము మన ముంగిటికి వచ్చినది. మా వైపు పల్లెలలో సముద్రముల కావల కూతురో కోడలో లేని వీథి అరుదు. వేసవిలో వారు బిడ్డలతో పుట్టినింటికి వత్తురు. భర్తలకు సెలవు దొరకదు. చంకను ఒకరు, చేతిని ఒకరుగా తల్లి యొంటరిగా అంత దూరము పోవలసి యుండును.

మా చెల్లెలు డాలసు నగరమున నున్నది. గడచిన వేసవిని చిన్నరసాలు పండు వేళకు మూడేండ్ల కొడుకుతోను, పదునాలుగు నెలల కూతురుతోను జి. కొండూరులోని మా యింటికి వచ్చినది. వెంట పసిదాని కారుసీటును తెచ్చినది. చావడిలో దానిని దింపగానే వాడలోని పిల్లలు మూగి “సింహాసన”మని పేరు పెట్టిరి. పెద్దల తీరు వేరుగా నుండెను. పసిదానికిని వేరుగా టిక్కెట్టు కొన్నదని విని మా అత్తగారు బుగ్గలు నొక్కుకొనిరి. రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో నుంచుకొన్నచో విదేశప్రయాణమునకు సామాన్యముగా పెద్దల ఛార్జీలో పదవవంతు మాత్రమే పుచ్చుకొందురు. ప్రత్యేకస్థానము కావలెనన్న దానికి ఎన్నో రెట్లు చెల్లింపవలెను. “ఆ డబ్బుతో పిల్లకు గొలుసు చేయించవచ్చునే అమ్మాయీ!” అని అత్తగా రనిరి. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడపు మాకును ఆ మాట కొట్టివేయదగినదిగా తోచలేదు. కావున చెల్లెలిని కారణ మడిగితిమి.

అది చెప్పిన కథ యిది. 1989వ సంవత్సరము జూలై 19వ తేదీన అమెరికాలోని సూ సిటీ విమానాశ్రయమున, ఇంజను పగిలి అదుపు తప్పిన విమాన మొకటి నేలకు కొట్టుకొనెను. అందున్న 296 మందిలో 112 మంది మరణించిరి. ఒడిలో ప్రయాణించు శిశువులు నలుగు రుండిరి. ఆనాటి పద్ధతి ననుసరించి, బిడ్డలను కాళ్లయొద్ద నేలపై నుంచి పట్టుకొను డని పరిచారికల పెద్ద జాన్ బ్రౌన్ అను నామె తల్లులకు చెప్పెను. ఆ నలుగురిలో ఒక పసివాడు మృతి నొందెను. ఆ తల్లి ముఖము నామె మరువజాలక, శిశువులకు వేరుగా ఆసనము, కట్టుపట్టీ ఉండవలెనని ఎన్నో యేండ్లు ప్రభుత్వముతో పోరాడెను. 2024 జనవరి 5వ తేదీన మరియొక విమానమునకు పదునారువేల అడుగుల యెత్తున ప్రక్కగోడలో కొంత భాగము ఊడిపోయినప్పుడును, ముగ్గురు శిశువులు పెద్దల ఒడులలోనే యుండిరి. దైవవశమున ఎవరును మరణింపలేదు.

ఇందలి కిటుకు తల్లి ప్రేమలోని కొరత కాదు, చేతుల శక్తికి గల మేర. విమానము గాలికుదుపులో ఒక్కసారి క్రుంగినను, నేలను తాకి ఆకస్మికముగా ఆగినను, పదికిలోల బిడ్డ ఎన్నో రెట్లు బరువై చేతులనుండి జారిపోవును. భాగవతము చదివిన సోదరీమణులకు తృణావర్తుని కథ జ్ఞప్తికి వచ్చును. ఒడిలోని కృష్ణుడు కొండవలె బరువు కాగా యశోద మోయలేక నేల దించెను. అంతలో సుడిగాలి రూపమున రక్కసుడు వచ్చి బాలు నాకాశమున కెత్తుకొనిపోయెను. యశోదకంటె ప్రేమగల తల్లిని మన మెరుగుదుమా? ఆమె చేతులకే శక్తి చాలకపోయెను. అట్టి యామెయే పిమ్మట కొడుకును రోటికి కట్టినది. కట్టుటయు నొక లాలనయే యని మాకు తోచినది.

అత్తగారికి చెల్లెలు సులువుగా నచ్చజెప్పినది. “పెద్దమ్మా, గంపలో గడ్డి పరవక రసాలను బండి కెక్కింతురా?” అనగా ఆమె నవ్వి యూరకుండిరి. వింత యేమన, ఆ రసములలో నొక్కదానినైన చేతిసంచిలో అమెరికాకు గొనిపోనీయరు. తమ తోటలకు పురుగు పట్టునని వారి భయము. పండు విషయమున నింత కట్టుదిట్టము చేసినవారు, శిశువు విషయమును తల్లి యిష్టమునకే విడిచిరి. దానికి వారు చెప్పిన కారణమును కొట్టివేయదగినది కాదు. వేరుగా టిక్కెట్టు కొని తీరవలెనన్నచో అనేక కుటుంబములు విమానము మాని కారులలో పోవుననియు, దారిలో అంతకంటె ఎక్కువ ప్రాణములు పోవుననియు 2005లో ఆ ప్రభుత్వము తేల్చెను. అయినను వేరు ఆసనమే క్షేమమని ఆ ప్రభుత్వమే ఉపదేశించుచున్నది.

మేము శంషాబాదు వరకు పోయి సాగనంపితిమి. చెల్లెలు పసిదానిని గుడ్డపట్టీతో రొమ్మున కట్టుకొని, సీటును చక్రముల చిన్నబండికి బిగించి, పిల్లవానిని దానిమీదనే కూర్చుండబెట్టి తోసికొనిపోయినది. సామాను తూచుచోట ఒక ఉద్యోగి ఆ సీటును పెట్టెలతో వేయవలసినదే యని పట్టుపట్టెను. చెల్లెలు గొంతెత్తలేదు. మోటారువాహనములకును విమానములకును పనికివచ్చునని సీటుపై ఎఱ్ఱని అక్షరములతో నున్న చీటిని, విమానసంస్థవారు ముందుగా పంపిన అనుమతి ఉత్తరమును చూపినది. పై అధికారి వచ్చి అంగీకరించెను. కాగితము చేత లేకున్న ఆ గొలుసు డబ్బు గాలిలో కలిసెడిదే.

ప్రయాణము చేయదలచిన సోదరీమణులు ఈ సంగతులు గుర్తుంచుకొందురు గాక. సీటు వెడల్పు పదునారు అంగుళములు మించకున్న సామాన్యముగా ఇముడును. దానిని కిటికీ ప్రక్కనే యుంచవలెను; ఆపద వేళ ఇతరుల దారి కడ్డము రాదు. అత్యవసరద్వారముల వరుసలో నుంచరాదు. పట్టీలు లేని ఎత్తుపీట విమానము లేచునప్పుడును దిగునప్పుడును పనికిరాదు. సంస్థవారు గోడకు తగిలించి యిచ్చు ఊయలతొట్టి నిద్రకు మాత్రమే. ఆ రెండు వేళలను బిడ్డను దానినుండి తీయవలెను. పదినుండి యిరువది కిలోల బిడ్డలకు కేర్స్ అను పట్టీ కలదు. అమెరికావారు దానిని 2006లో అనుమతించిరి. అది అరకిలో బరువైన లేదు. మా చెల్లెలి కొడుకు దానితోనే పోయెను. దిగునప్పుడు చెవిపోటు రాకుండ పాలో నీళ్లో చప్పరింపజేయుట మేలు. ప్రాణవాయువు ముసుగు జారినచో తల్లి ముందుగా తాను ధరించి పిమ్మట బిడ్డలకు తొడుగవలెను. తల్లికి స్పృహ తప్పిన బిడ్డలకు దిక్కెవ్వరు?

రెండవ టిక్కెట్టుకు శక్తి లేని తల్లులు దిగులు పడనక్కరలేదు. విమానయానము మొత్తముమీద మిక్కిలి క్షేమకరమైనది. తన నడికట్టులో బిడ్డను చేర్చి బిగింపక, కట్టును తాను మాత్రమే ధరించి, బిడ్డను రెండు చేతుల గట్టిగా పట్టుకొనవలెను. కుదుపులో తల్లి బరువు బిడ్డపై పడకుండుటకు ఇది ముఖ్యము.

విమాన మెక్కని మన కీ ముచ్చట యేల యని కొంద రనవచ్చును. చెల్లెలి ప్రయాణమంతటిలో మాకు ఎక్కువ భయము కలిగించినది ఆకాశము కాదు. మా ఊరినుండి శంషాబాదు వరకు కారులో పోయిన అయిదారు గంటల దారి. ముందుసీటున తల్లి ఒడిలో పసివాడు నిలుచుండి అద్దమును తట్టుచు పోవు కారులను ఆ దారిలో ఎన్నింటినో చూచితిమి. పదునాలుగేండ్లలోపు బిడ్డకు కట్టుగాని తగిన సీటుగాని లేక కారు నడపినచో వెయ్యిరూపాయల జరిమానా యని 2019లో సవరించిన మన మోటారు వాహనముల చట్టము 194-బి సెక్షను చెప్పుచున్నది. జరిమానా మాట యటుంచుడు. మైలవరము సంతకు పోవు కారైనను సరియే, బిడ్డను వెనుకసీటున కూర్చుండబెట్టి కట్టిన పిదపనే ఇంజను పలుకవలె నని భర్తలతో మనమే చెప్పవలెను.