సొరుగు లాగి చూడండి

విక్టోరియా రాణి 1837లో గద్దెనెక్కి 1901లో కన్నుమూసింది. ఆ అరవై మూడేళ్లలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ తయారైన కుర్చీలకూ బల్లలకూ బీరువాలకూ పాత సామాన్ల వ్యాపారులు ఒకటే పేరు పెట్టేస్తారు: విక్టోరియన్. రాణి పేరు వల్ల కాలం తెలుస్తుంది గానీ శైలి తెలియదు. గోథిక్ చర్చి కిటికీలా మొనదేలిన వీపున్న కుర్చీ ఆ కాలానిదే. ఫ్రెంచి రాజసభల వంకీలు తిరిగిన సోఫా ఆ కాలానిదే. ఇటలీ భవనాల తలవాకిలిలా నెత్తిన కిరీటం పెట్టుకున్న అద్దాల బల్లా, జపాను ప్రభావంతో నల్లరంగు పులుముకున్న సన్నకాళ్ల బల్లా కూడా ఆ కాలానివే. ఇన్నిటి మధ్య ఒక వస్తువు ఏ శైలిదో తేల్చడానికి ఎవరైనా ముందు నగిషీని చూస్తారు. నన్నడిగితే నగిషీని ఆఖర్న చూడాలి. పాత కాలాల నగిషీని అనుకరించి అమ్మడమే ఆ శతాబ్దపు ఫర్నిచర్ వ్యాపారంలో పెద్ద భాగం. అనుకరించేవాడు తన శ్రద్ధంతా ముందువైపున పెడతాడు; సొరుగు పక్కన, బల్ల కింద, అద్దం వెనక ఆ శ్రద్ధ ఉండదు. అక్కడ కనిపించేది తన కాలపు పనిముట్టు వదిలిన గాటే.

ఈ మాటకు గట్టి ఉదాహరణ ఈస్ట్‌లేక్ శైలి. చార్లెస్ లాక్ ఈస్ట్‌లేక్ వడ్రంగి కాడు, ఫర్నిచర్ వ్యాపారీ కాడు; వాస్తుశిల్పం నేర్చుకుని రచనలోకి వచ్చిన లండన్ మనిషి. ఆయన రాసిన 'హింట్స్ ఆన్ హౌస్‌హోల్డ్ టేస్ట్' 1868లో లండన్‌లో వెలువడింది, 1872లో బోస్టన్‌లో అమెరికన్ ముద్రణ వచ్చింది. వంపు తిరిగిన కాళ్లంటే ఆయనకు సరిపడదు. చెక్కను వంపుగా కోస్తే చారలు తెగి బలం పోతుందనీ, కలప వృథా అవుతుందనీ ఆయన అభ్యంతరం. తిన్నని గీతలు, దాపరికం లేని అతుకులు, లోతు తక్కువ చెక్కడం, నూనె రుద్దిన ఓక్ కలప ఆయన కోరినవి. తళతళలాడే ఫ్రెంచ్ పాలిష్ అసలు గిట్టదు. ఈ పుస్తకాన్ని అమెరికా కర్మాగారాల వాళ్లు తమకు అనువుగా చదువుకున్నారు. తిన్నని గీతలూ లోతు లేని చెక్కడమూ యంత్రానికి తేలికైన పని. దాంతో 1870లు, 80లలో ఆయన పేరు తగిలించిన సరుకు లెక్కలేనంతగా బయటికొచ్చింది. పుస్తకం 1878 ముద్రణకు రాసిన ముందుమాటలో ఈస్ట్‌లేక్, అమెరికాలో తన పేరుతో అమ్ముతున్న సామానుతో తనకే సంబంధమూ లేదని చెప్పుకోవలసి వచ్చింది. కాబట్టి ఆయన పుస్తకం ముందు పెట్టుకుని లక్షణాలు సరిచూసుకునే మనిషి ఇక్కడ చిక్కుల్లో పడతాడు. పుస్తకంలో తిట్టిన పాలిషూ, యంత్రం చెక్కిన అలంకారమూ ఆ బీరువాల మీద నిక్షేపంగా ఉంటాయి.

ముఖలక్షణాలు పనికిరావని కాదు. ఈస్ట్‌లేక్ వస్తువు ఆకారం నలుచదరం, అంచులు వాలుగా చెక్కి ఉంటాయి, లేత్ మీద తిప్పిన పొట్టి కడ్డీలు వరసగా కనబడతాయి, పువ్వూ ఆకూ కూడా జ్యామితి గీతల్లో ఒదిగిపోతాయి. కాని దీనికి కాస్త ముందు నుంచీ నడిచిన రినైజాన్స్ పునరుద్ధరణ శైలి పక్కనే ఉంది. అదే వాల్‌నట్, అవే బుడిపె కలప పలకలు, అదే పాలరాతి పైపలక. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ ఫర్నిచర్ పరిశ్రమ 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనతో దేశమంతటా పేరు తెచ్చుకుంది. అలాంటి కర్మాగారాల్లో ఈ రెండు శైలులూ ఒకే కప్పు కింద తయారయ్యాయి, ఒక్కోసారి ఒకే మంచంలో కలిసిపోయాయి. దూరం నుంచి ఫొటో చూసి వీటిని వేరుచేయడం దాదాపు జూదం. వేలితో తడిమితే నయం. రినైజాన్స్ అలంకారం చాలావరకు విడిగా చెక్కి అతికించింది, అందుకని వేలికి ఎత్తుగా తగులుతుంది. ఈస్ట్‌లేక్ గీత చెక్కలోకి దిగుతుంది. ఆ లోతు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేలా ఉంటే యంత్రం నడిచిందని అర్థం.

ఇక సొరుగు. చేత్తో కోసిన డవ్‌టెయిల్ అతుకులో పళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పక్కన గీసుకున్న గుర్తు గీత కూడా మిగులుతుంది. అమెరికా సొరుగుల్లో ఇంకో అతుకు కనబడుతుంది: వరసగా అర్ధచంద్రాకారాలు, ఒక్కోదాని నడుమ గుండ్రని కుసి. విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన చార్లెస్ నాప్ 1867లో పేటెంట్ తీసుకున్న యంత్రం పని అది. 1870ల మొదట్లో వాడుకలోకి వచ్చి, 1900 నాటికి దాదాపు కనుమరుగైంది. ఆ అతుకు కనిపించిన బీరువాకు ఏ వ్యాపారి ఏ ఫ్రెంచి రాజు పేరు చెప్పినా వినక్కరలేదు. అట్టడుగు చెక్క మీద విల్లులా వంగిన గాట్లుంటే గుండ్రంపం కోత, నిటారు సమాంతర గాట్లుంటే తిన్నని రంపం కోత. స్క్రూ ఒకటి విప్పి చూస్తే, సన్నని మొన పందొమ్మిదో శతాబ్దం నడిమికి ఇటువైపున వచ్చింది. మొద్దు కొస అంతకు ముందుది. ఇంగ్లీషు వస్తువైతే ఇత్తడి పిడి వెనక వజ్రాకారపు ముద్ర కోసం వెతకాలి. 1842 నుంచి 1883 దాకా అక్కడ నమోదైన డిజైన్లకు వేసిన గుర్తు అది.

దీనికొక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. స్క్రూలూ రంపపు గాట్లూ కాలాన్ని చెబుతాయి, శైలి అంటే రూపం కదా, దాన్ని రూపంలోనే చూడాలి కదా అని. రూపంలోనే చూడాలి, కాని ఏ రూపాలను పక్కన పెట్టాలో కాలం తేలితే తప్ప తెలియదు. 1850లలో న్యూయార్క్‌లో జాన్ హెన్రీ బెల్టర్ చేసిన కుర్చీలు చూడండి. వంకీలూ ద్రాక్షగుత్తులూ చూస్తే పదిహేనో లూయీ నాటి ఫ్రాన్సే. వీపు పై అంచు చూస్తే రోజ్‌వుడ్ పలుచని పొరలు, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది, ఒకదాని మీద ఒకటి అతికించి ఆవిరితో వంచినవి. లూయీ కాలపు వడ్రంగి అలా చేయలేదు. బెల్టర్ వీపులకు అంత వంపూ, జల్లెడలాంటి చెక్కడమూ నిలిచేంత బలమూ ఆ పొరల వల్లే వచ్చాయి. ఇక్కడ కట్టుబడిని తీసేస్తే రూపమే లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: సొరుగులు మారుస్తారు, స్క్రూలు మారుస్తారు, ఒక బల్ల కాళ్లకు ఇంకో బల్ల పలక బిగిస్తారు, కనక వెనకభాగమూ అబద్ధమాడుతుంది. ఆడుతుంది. అందుకే ఒక్క స్క్రూను నమ్మి తీర్పు చెప్పకూడదు. కొత్త స్క్రూ పక్కన పాత రంధ్రం పూడ్చిన గుర్తు ఉందా? సొరుగు అరిగిన చోటా, అది జారే పట్టీ అరిగిన చోటా ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? కలప చారలకు అడ్డంగా కుంచించుకుపోతుంది గనక, నూరేళ్లు దాటిన గుండ్రని బల్లను కొలిస్తే ఒకవైపు కాస్త తక్కువ రావాలి. పైగా పల్లెటూరి వడ్రంగులు పాత పద్ధతులు చాలాకాలం వదల్లేదు. కనక ఒక యంత్రపు గుర్తు ఆ వస్తువు ఫలానా ఏడాది కంటే ముందుది కాదని చెబుతుందే తప్ప, తరువాతిది కాదని చెప్పదు.

మన దగ్గర ఈ పరీక్ష మరీ అవసరం. మద్రాసు ప్రెసిడెన్సీలో యూరప్ నమూనాలను టేకుతోనూ జిట్రేగితోనూ చేసిన పనివాళ్లకు కొదవలేదు. ఇంగ్లీషు ఆకారాలకు దంతం పొదిగే విద్యలో విశాఖపట్నం పద్దెనిమిదో శతాబ్దం నుంచే పేరుపడింది. ముఖం మాత్రం చూస్తే ఇవన్నీ సీమ సరుకే అనిపిస్తాయి. ఇంగ్లండు బీరువాకు వెనక చెక్కగా, సొరుగు అడుగుగా పైనో ఓకో వేసేవాళ్లు. అమెరికాలో పైన్, పోప్లర్. చెద పట్టే మన నేలమీద కనబడని చోటా టేకే వేయడం మామూలు. సొరుగు అడుగున టేకు కనబడితే లండన్ బీరువా అన్న ధర చెల్లించకండి; అలాగని దాన్ని తక్కువ చూడనూ అక్కరలేదు, మన వడ్రంగం చరిత్రకు అది లండన్ సరుకు కంటే విలువైన ఆధారం. కొనేముందు సొరుగు బయటికి లాగి బోర్లించి చూపించమని అడగండి. ఇంట్లోనే అలాంటి వస్తువుంటే, దానికి కొత్త పాలిష్ పట్టించి పాత స్క్రూలు పారేయకముందే వెనకవైపు ఫొటోలు తీసి పెట్టుకోండి.