కిరీటాన్ని వద్దన్నవారు

చారిత్రక నవల అంటే కత్తులూ, గుర్రాలూ, సొరంగాలూ అని కొందరి అభిప్రాయం. అవీ వుండవలసినవే, లేకపోతే అర్ధరాత్రి దాకా దీపం ఆర్పకుండా చదివేదెవరు? కాని పుస్తకం మూసిన తరువాత మా మనసులో నిలిచేవారు, చేతికందినదాన్ని వద్దనగలిగిన మనుషులే.

తమిళనాట తరతరాలుగా కాపురమున్న మావంటి తెలుగు కుటుంబాలకు కల్కి కృష్ణమూర్తిగారి ‘పొన్నియిన్ సెల్వన్’ పరాయి పుస్తకం కాదు. అది 1950 నుంచి 1954 దాకా ‘కల్కి’ పత్రికలో వారంవారం వచ్చింది. మా యిళ్లలో పెద్దలు తమిళంలో చదివి, వంటింట్లో వున్నవారికి తెలుగులో చెప్పేవారు.

అందులో వందియదేవుడు తొందరపాటు మనిషి, నోరు జారే మనిషి. అయినా తనకప్పగించిన తాటాకు లేఖను చేరవలసిన చేతికి చేర్చడానికి ప్రాణం లెక్కచెయ్యడు. మావంటి గుమాస్తాలకు అతనంటే అందుకే ప్రీతి. ఒక కాగితాన్ని చేరవలసిన చోటికి చేర్చడం ఎంత పనో మాకు తెలుసు గదా!

ఇక అరుళ్‌మొళివర్మ. లంకలో తన సైన్యానికి తిండి చోళదేశం నుంచే రావాలంటాడు. భిక్షువులు లంక కిరీటం యివ్వబోతే వద్దంటాడు. చివరకు చోళ కిరీటాన్నే తీసి, పినతండ్రి వరసైన ఉత్తమచోళుని తల మీద పెడతాడు. అయిదవ భాగానికి ‘త్యాగ శిఖరం’ అన్న పేరు అందుకే తగింది.

2022లోనూ 2023లోనూ యీ కథ సినిమాగా వచ్చినప్పుడు మా పిల్లలు అడిగారు: “ఇదంతా నిజమేనా నాన్నా? రాజ్యం ఎవరైనా వదులుకుంటారా?”

న్యాయమైన ప్రశ్న. ఉత్తమచోళుడు ముందు ఏలడమూ, 985లో అరుళ్‌మొళి రాజరాజుగా సింహాసనమెక్కడమూ చరిత్రే. పినతండ్రికి ఆశ వున్నంతకాలం ఆయన రాజ్యం కోరలేదని తిరువాలంగాడు తామ్రశాసనం చెబుతుంది. అయితే అది కొడుకు రాజేంద్రుని కాలపు శాసనం. కొడుకు తండ్రిని పొగడడూ? పైగా అదే రాజరాజు సేనలు తరువాత లంక మీద పడి అనూరాధపురాన్ని పాడుచేశాయి. ఈ సంగతి మేము పిల్లలకు దాచలేదు.

అలాగైతే కథానాయకుడు అబద్ధమా? మాకలా తోచదు. తూకపురాయి సంతలో అమ్మే సరుకు కాదు. సరుకును తూచడానికి వుంటుంది. నవలలోని అరుళ్‌మొళి అటువంటి రాయి. దానితో చరిత్రలోని రాజరాజునే తూచవచ్చు. బాపిరాజుగారి గోన గన్నారెడ్డి కూడా అంతే. లోకం బందిపోటన్నా, రుద్రమదేవి పక్షం వదలడు.

మరొక మాట. ఆ రాజరాజు కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుని యిల్లాలయింది. వారి కొడుకే రాజరాజనరేంద్రుడు, తాతగారి పేరే. తంజావూరి ఆడపడుచు కొడుకు అడిగితేనే రాజమహేంద్రవరంలో నన్నయగారు భారతం తెలుగు చేయ పూనుకున్నారు. కనుక ఆ కథను ఏ భాషలో చదివినా, అది మన మేనమామల యింటి కథే.

మనకు కిరీటాలెవరూ యివ్వరు. కాని చేతికందిన చిన్న లాభాన్ని వద్దనవలసిన రోజు అందరికీ వస్తుంది. ఆ రోజుకు పనికివస్తుందనే యీ పుస్తకాలను పిల్లల చేతికిస్తున్నాము.