ఆకు నిదానంగా చావాలి

కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చుట్టాలంతా నన్ను ఉక్కు మనిషి కింద జమకడతారు. నిజానికి నాకు చేతనైన పనులు రెండే: బొగ్గు కాల్చడం, పొగాకు ఆరబెట్టడం. మొదటిదానికి భిలాయి స్టీల్ ప్లాంటు జీతమిచ్చింది. రెండోదానికి మా అమ్మ తిట్లే జీతం.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు 1931 నుంచీ రైలు లైను ఉంది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించే నాటికే మావైపు మనుషులు ఆ లైను పట్టుకుని భిలాయికి చేరిపోయారు. తట్ట మోసినవాళ్ళు కొందరు, రాడ్ కట్టినవాళ్ళు కొందరు. మా నాన్న అలా వచ్చినవాడే. ఆయన తర్వాత నేనూ ప్లాంటులోనే చేరాను. అమ్మ ఊళ్ళో పొలం, గొడ్డూ గోదా అమ్మేసి మాతో వచ్చేసింది. తన అడ్డపొగ మాత్రం వదిలిరాలేదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్ళు మావైపు ఇంటికొకరు. చేతులు ఖాళీగా ఉంటాయి, గాలికి చుట్ట ఆరదు, నాట్లు వేస్తూ కూడా కాల్చుకోవచ్చు.

భిలాయిలో బీడీ దొరుకుతుంది, ఖైనీ దొరుకుతుంది, ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళు పళ్ళకు రుద్దుకునే గుడాకు వీధికో కొట్లో దొరుకుతుంది. నాటు పొగాకు దొరకదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఆకు పాసింజరు రైల్లో నలిగి పొడుమై దిగేది. అందుకని క్వార్టరు వెనక దొడ్లో వేశాం. వర్జీనియా వేయాలంటే 1975 చట్టం ప్రకారం పొగాకు బోర్డులో పేరు నమోదు కావాలి. నాటు ఆకుకు ఆ పేచీ లేదు. అంతకుముందు మాత్రం నాటు ఆకుకూ బెడద ఉండేది. 1943 నుంచి పొగాకు మీద ఎక్సైజు సుంకం. ఊళ్ళో ఎవరి పెరట్లో ఎంత ఆకు ఉందో ఎక్సైజువాళ్ళు లెక్క రాసుకునేవారు. 1979 బడ్జెట్‌లో చరణ్ సింగ్ ఆకు మీద సుంకం తీసేశాక ఆ లెక్క పోయింది. మా తాత అటక మీద ఆకు దాచిన కథలు అమ్మకు ఇప్పటికీ నవ్వే.

దొడ్డంటే దొడ్డే గానీ మట్టి లేదు. మొరం, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు. ఇక్కడివాళ్ళు భూమిని పేర్లతో పిలుస్తారు: నల్లరేగడైతే కన్హార్, పసుపుపచ్చ నేలైతే మటాసీ, రాళ్ళ నేలైతే భాటా. మాది భాటా. కన్హార్ తెచ్చి పోయమని కొందరన్నారు. కానీ అది నీరు వదలని నేల. పొగాకు వేరు నీళ్ళలో రెండు రోజులు నిలిచిందా, మొక్క వడలిపోతుంది. గోదావరి లంకల్లో చుట్టాకు అంత బాగా రావడానికి ఏటేటా వచ్చి పడే ఒండ్రే కారణం. ఇక్కడ గోదావరి లేదు, శివ్‌నాథ్ ఉంది. దుర్గ్ వైపు నుంచి ఆ నది ఒండ్రు ట్రాలీతో తెప్పించి పెంటతో కలిపాం.

విత్తనం సంగతి చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. ఒక్క గ్రాములో 10,000 గింజలకు పైగా ఉంటాయి. వేలితో తీసి నాటే పని కాదు. ఇసకలో కలిపి మడి మీద చల్లాలి, మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. ఆగస్టు చివర మడి పోస్తే ఇక్కడ వాన ఇంకా వదలదు. నారుకుళ్ళు వస్తే రాత్రికి రాత్రి మడి చప్పబడిపోతుంది. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే అప్పుడు దిక్కు. అక్టోబరులో వాన వెనక్కి తగ్గాక మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు వదిలి నాటితే మా దొడ్లో 30 మొక్కలు పట్టేవి. ఒక ముసలమ్మకు ఏడాది పొడుగునా అవి చాలు.

తర్వాతదంతా కాపలా. లద్దెపురుగు ఆకు అడుగున గుడ్ల ముద్ద పెడుతుంది. చుట్టూ ఆముదం మొక్కలు వేస్తే ముందు వాటి మీద వాలుతుంది, అక్కడే ఏరేయొచ్చు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి నేను చేసే మొదటి పని అదే. పొగాకు మల్లె అని ఒకటుంది, వేరు మీద బతికే పరాన్నజీవి. నేల చీల్చుకుని తెల్లటి మోసు వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పువ్వు విత్తనం కట్టకముందే పీకెయ్యాలి, లేకపోతే ఏళ్ళ తరబడి ఆ నేలను వదలదు. ఇక మొజాయిక్ తెగులు. ఆకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు. ఎండిన పొగాకులో కూడా ఆ వైరస్ చావదు. బీడీ నలిపిన చేత్తో మొక్కను ముట్టుకుంటే చాలు. మా షాపు మిత్రులు వస్తే సబ్బుతో చేతులు కడుక్కోకుండా దొడ్లోకి రానిచ్చేవాణ్ణి కాదు. పొగాకు తోటలోకి పొగాకు చేతులు వద్దంటే వాళ్ళకు తమాషాగా ఉండేది.

డిసెంబరులో మొగ్గ కనపడగానే తల తుంచాలి. తుంచితే మొక్క ఊరుకోదు, ప్రతి ఆకు చంకలో పిలక వేస్తుంది. వారం వారం ఆ పిలకలు గిల్లాలి. నికోటిన్ తయారయ్యేది వేరులో, చేరేది ఆకులోకి. పువ్వు, విత్తనం దారి మూసేస్తే ఆకు దళసరి అవుతుంది, ఘాటు పెరుగుతుంది. మంచు తడి ఆరకముందు మాత్రం తోటలో దిగకూడదు. ఆ తడిలో నికోటిన్ చర్మం గుండా ఎక్కేస్తుంది. తల తిరగడం, వాంతి. ఆకు రెలిచే కూలీలకు అది కొత్త కాదు. చేతికంటిన జిగురు నల్లగా పట్టి సబ్బుకు లొంగదు, చింతపండుతో తోమాల్సిందే.

అడుగాకు ముందు పండుతుంది. పచ్చదనం తగ్గి లేత పసుపు మచ్చలు దిగుతాయి. ఈనె దగ్గర కిందికి వంచితే టప్పుమని ఊడి వస్తుంది. ఊడకుండా సాగిందంటే అది ఇంకా పండలేదు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పని ఇక్కణ్ణుంచి. కోసిన ఆకు చచ్చిపోయినట్టు కాదు. దాంట్లో ఊపిరి ఆడుతూనే ఉంటుంది, తనలో ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి తినేస్తుంది, పచ్చదనాన్ని కరిగించుకుంటుంది. అలా ఆకలితో నిదానంగా చావాలి. ఎండకు గబుక్కున ఎండిపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది. రంగు పచ్చగానే ఉండిపోతుంది, పొగ గొంతు కోస్తుంది. మరీ ఆలస్యమైతే నల్లబడి బూజు పడుతుంది. పచ్చాకులో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. ఆ నీటిని ఎంత నెమ్మదిగా బయటికి పంపుతామన్నదే విద్యంతా.

మావైపు చలికాలంలో సముద్రపు తడి కొంత గాలిలో ఉంటుంది. భిలాయిలో ఫిబ్రవరి దాటితే గాలి ఒట్టి పొడి. ఆకును పురికొసకు తోరణాలుగా గుచ్చి వెనక వరండాలో కట్టేవాణ్ణి. పగలు చుట్టూ తడిపిన గోనెపట్టాలు దించేవాణ్ణి, సాయంత్రం ఎత్తేవాణ్ణి. అమ్మ రోజూ తనిఖీకి వచ్చేది. ఒక ఆకు తీసి, మధ్య ఈనెను చెవి దగ్గర పెట్టుకుని వంచేది. పుటుక్కుమంటే తల ఊపేది. మెత్తగా వంగితే, “ఏటిరా నాయినా, ఆకు పైన ఎండినాది, లోన నీరలాగే ఉండిపోనాది. ఇంకో వారం ఉండనీ” అని వెళ్ళిపోయేది. ఈనెలో తడి మిగిలిన ఆకును మండెలో, అంటే మగ్గబెట్టే కుప్పలో, పెడితే అదంతా కుళ్ళుతుందని ఆమెకు తెలుసు. నేను థర్మామీటరు కొన్నాను. చెవి ముందు అది ఓడిపోయింది.

మా బావది జంగారెడ్డిగూడెం దగ్గర వర్జీనియా సేద్యం. ఆకు ఆర్చే ఆయన బ్యారన్‌లో ఒక రాత్రి పొయ్యి దగ్గర కూర్చుంటే నా ఉద్యోగం మళ్ళీ గుర్తొచ్చింది. ఆకు రంగు తిరిగేదాకా 32 నుంచి 38 డిగ్రీలు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచి ఆకు ఆర్పడం, చివర ఈనె ఎండడానికి 71 దాకా. అయిదారు రోజులు కునుకు లేదు. కోక్ ఓవెన్‌లో గాలి తగలకుండా 1000 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గును మగ్గబెడతాం. అంకెలు వేరు గానీ, వేడి పెంచే చేయి తొందరపడకూడదన్నది రెండు చోట్లా ఒకటే. ఈ పసుపు ఆకు కథ మొదలైందే ఒక కమ్మరి చేతిలో అంటారు. 1839లో అమెరికాలో నార్త్ కరోలినాలోని క్యాస్వెల్ కౌంటీలో స్టీఫెన్ అనే బానిస బ్యారన్ మంట కాస్తూ కునుకు తీశాడట. లేచేసరికి మంట చల్లారిపోయింది. కొలిమి దగ్గర ఉన్న కర్రబొగ్గు తెచ్చి వేశాడు. ఆ గట్టి వేడికి ఆకు బంగారు రంగు తిరిగింది. లాభం యజమాని స్లేడ్‌కు పోయింది. ఆ రకమే తర్వాత గుంటూరు నేలకు వచ్చి మన రైతుల రాత మార్చింది, కొన్నిసార్లు చెరిపింది కూడా.

ఆరిన ఆకును తెల్లవారుజామున, మంచు తడికి మెత్తబడినప్పుడే దించాలి. పొద్దెక్కాక ముట్టుకుంటే చేతిలో పొడుమే. కట్టలు కట్టి మండె వేసి పైన గోనె, దాని మీద బరువు. రెండు మూడు రోజులకు లోపల వేడి పుడుతుంది. దాన్ని కనిపెట్టడానికి బొగ్గు యార్డు పద్ధతే వాడాను. అక్కడ కుప్ప లోపల వేడెక్కుతోందేమో చూడాలంటే ఇనప ఊచ గుచ్చి, కాసేపు ఉంచి, లాగి పట్టుకునేవాళ్ళం. మండెలోనూ అంతే. ఊచ చేతిలో నిలిస్తే పర్వాలేదు. వదిలెయ్యాలనిపిస్తే వెంటనే విప్పి, లోపలివి బయటికి, బయటివి లోపలికి తిరగవేయాలి. ఇలా తిప్పి తిప్పి వేస్తుంటే పచ్చి వాసన పోయి, తేనె కలిసిన ఘాటు వస్తుంది. ఆ వాసన వచ్చాక అమ్మ గోనె ఎత్తి ముఖం పెట్టి పీల్చేది. అప్పుడు తిట్లు ఉండవు.

నేను చుట్ట కాల్చను, ఎప్పుడూ కాల్చలేదు. అడ్డపొగ ఏం చేస్తుందో తెలిసినవాణ్ణి. 1960లలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో తిరిగి వేల నోళ్ళు చూశారు. ఈ అలవాటున్నవాళ్ళకు అంగిలిలోనే పుండు, అక్కడే క్యాన్సర్. అమ్మ అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్ర చుక్కలు తేలినప్పుడు డాక్టరు మానెయ్యమన్నాడు. “నోట్లో నిప్పెట్టుకుని ఇన్నేళ్ళు బతికినాను, ఈ గుంటడు సెప్తాడా” అంది. నేను మాత్రం మరుసటి ఏడు మడి పోయలేదు. అమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వక్కాకుకు దిగింది. వక్క కూడా మంచిది కాదని చెప్పే ధైర్యం నాకు చాల్లేదు.

ఇప్పుడు గోడవారన నాలుగైదు మొక్కలు విత్తనం కోసం వదిలాను. ఆకు కాచి వడగట్టిన కషాయం పేనుబంకకు బాగా పనిచేస్తుంది, కాకపోతే తేనెటీగలు తిరిగే వేళ చల్లకూడదు. అదీ విషమే. పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ పెద్దావిడ గుడాకు చేసుకోవడానికి ఆకు అడుగుతుంది, లేదంటాను. మొక్క అడిగేవాళ్ళు కొందరున్నారు, నారు పోసి ఇస్తాను. పెరట్లో టమాటా, మిరప వేసినవాళ్ళకు మాత్రం ఇవ్వను. అవన్నీ దీని దాయాదులే, మొజాయిక్ ఒకదాన్నించి ఒకదానికి ఇట్టే పాకుతుంది.