ఎర్రటి కోనసీమను చూశారా?

కోనసీమ అంటేనే పచ్చదనం. కానీ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో అది ఎర్రగా కనిపిస్తుంది! మొక్కలు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. శాస్త్రవేత్తలు ఆ కాంతికి ఎరుపు రంగు ఇస్తారు. నీరేమో దాన్ని మింగేసి నల్లగా ఉండిపోతుంది. అలా కొబ్బరితోటలూ వరిచేలూ ఎర్రగా, గోదావరి పాయలు నల్లగా కనువిందు చేస్తాయి.

రావులపాలెం నుంచి కొత్తపేట, అమలాపురం మీదుగా రాజోలు వెళ్లే బాటసారికి రోడ్డు పక్క కాలువ, దాని గట్టున కొబ్బరిచెట్లే కనిపిస్తాయి. వాటి వెనకాల ఏం జరుగుతోందో తెలియాలంటే పైనుంచి చూడాల్సిందే. ఆ పని 1972లో అమెరికా ల్యాండ్‌శాట్‌తో మొదలైంది. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఎ కూడా నింగికెగిరింది. పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పక్కపక్కన పెడితే చాలు... మారిన నేల తనంతట తానే బయటపడుతుంది.

తీరం వైపు వెళ్లేకొద్దీ ఎర్రటి చేల మధ్య గళ్ల దుప్పటి పరిచినట్టు నల్లటి చతురస్రాలు. అవే రొయ్యల చెరువులు! చెరువు తవ్విన రైతుకు అది నాలుగు డబ్బులు కళ్లజూసే దారి. పక్కనే వరి వేసిన రైతుకు మాత్రం ఉప్పునీరు తన చేలోకి ఊరుతుందన్న దిగులు. ఖర్చులు పెరిగి, గిట్టుబాటు ధర లేక, మురుగునీరు పోయే దారిలేక కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో ఏకంగా పంట విరామమే ప్రకటించారు.

అసలు బెంగ అంతకు కిందే ఉంది. వశిష్ఠ సాగరంలో కలిసే అంతర్వేది దగ్గర అలలు ముందుకొస్తున్నాయన్న మాట కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు ఉపగ్రహ చిత్రాలతో గోదావరి డెల్టా తీరాన్ని కొలిచారు. 1976 నుంచి పాతికేళ్లలో కొన్నిచోట్ల మేట వేసినా, మొత్తమ్మీద సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల కడలిపాలైందని తేల్చారు. కారణం? గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. ఒండ్రుతో పుట్టిన నేలకు ఆ ఒండ్రే కరవైతే, సముద్రాన్ని ఆపేదెవరు?

ఇప్పుడు ఐరోపా సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి పది మీటర్ల వివరంతో చిత్రాలు పంపుతున్నాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కొత్తగా ఎక్కడ చెరువు తవ్వారో, ఎక్కడ మడ అడవి తగ్గిందో, ఏ చేలో వర్షాకాలం నీళ్లు వారాలపాటు నిలిచాయో ఇట్టే తెలుస్తుంది. మబ్బు పడితే మాత్రం ఆ కన్నూ మూతపడాల్సిందే. అప్పుడు మబ్బుల్ని చీల్చుకు చూసే రాడార్ ఉపగ్రహాలే దిక్కు.

అయితే ఊరి బావిలో నీళ్లు ఉప్పగా మారిన సంగతి ఏ ఉపగ్రహమూ చెప్పదు. అది చెప్పేది ఆ నీళ్లు తోడే ఇల్లాలే. ఆకాశం చూపిన బొమ్మా, ఆమె చెప్పిన మాటా కలిస్తేనే... కోనసీమ కథ పూర్తవుతుంది!